బొగ్గు దారిలో పసుపు పట్టీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయవలసిందని కార్యదర్శిగారు కబురు పంపారు. రాజుల గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఇంజను ఒక్కటే. అందులోనూ నా కళ్ల ముందు వచ్చి, నా కళ్ల ముందే వెళ్లిపోయిన డీజిల్ ఇంజను. దాని బలం గురించీ వేగం గురించీ రాసినవాళ్లు ఉన్నారు గాని, దాని ఒంటి మీది రంగు గురించి మన పత్రికలో ఎవరూ రాసినట్టు నేను చూడలేదు. "రంగులో ఏముందయ్యా, లాగితే చాలదా" అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను, బేతంపూడి దగ్గర ఒక ఎద్దు పోయేదాకా.

ఆ సంగతికి వచ్చేముందు మన దారి పుట్టుక కొంచెం చెప్పుకోవాలి. కుర్రవాళ్లకు ఇది తెలియదు. మనుమలు, మనుమరాళ్లు ఈ సంచిక చదివితే వాళ్లకైనా ఉపయోగపడుతుంది.

ఇల్లెందు పక్కన సింగరేణి గ్రామం దగ్గర బొగ్గు ఉన్నదని 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టారు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో తవ్వకం మొదలైంది. నిజాం రైల్వే వాళ్లు సికింద్రాబాదు నుంచి కాజీపేట, వరంగల్, ఖమ్మం మీదుగా బెజవాడకు దారి వేసింది కూడా ఆ సంవత్సరాల్లోనే. డోర్నకల్లు దగ్గర ఆ పెద్ద దారి నుంచి ఒక కొమ్మ చీలి ఇల్లెందు బొగ్గు గనులకు పోయింది. కొన్ని దశాబ్దాల తర్వాత కారేపల్లి దగ్గర దానికి ఇంకో చీలిక వచ్చి కొత్తగూడెం చేరింది. కొత్తగూడెం స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు పెట్టారు. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, మొదటిసారి వచ్చే యాత్రికుడు దిగి "గుడి ఎటు బాబూ" అని అడగటం, మేము "ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలి, మధ్యలో గోదావరి కూడా ఉంది" అని చెప్పటం, అతని ముఖం వాడిపోవటం నా ఉద్యోగమంతా చూశాను. 1965లో గోదావరి మీద వంతెన తెరిచాక ఆ బాధ కొంత తీరింది. అంతకుముందు రేవులో పడవ ఎక్కవలసిందే. తర్వాత రోజుల్లో రైలు కూడా మణుగూరు దాకా పోయింది. ఇదంతా ఒకప్పుడు ఖమ్మం జిల్లాయే. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది.

కారేపల్లి దాటితే అడవి మొదలయ్యేది. టేకు, ఇప్ప, తునికి, మధ్య మధ్య కోయగూడేలు. ఫాల్గుణంలో మోదుగులు పూస్తే పట్టాలకు రెండు వైపులా నిప్పు అంటుకున్నట్టు ఉండేది. ఆ దారిలో రంగు అంటూ ఏదైనా ఉంటే అది చెట్టుకే. తక్కినదంతా నలుపు. బొగ్గు వ్యాగన్లు, స్టేషను గోడలు, పోర్టరు చొక్కా, చివరకు వేపచెట్టు ఆకు కూడా నలుపే. ఆరేసిన బట్ట సాయంత్రానికి ఎలా ఉంటుందో కొత్తగూడెంలో కాపురం చేసిన ఆడవాళ్లను అడగాలి.

మా నాన్న అలాంటి నల్లటి ఇంజన్ల మనిషి. డోర్నకల్లు రైల్వే కాలనీలో మా క్వార్టరు. ఆయన నిజాం కాలంలో ఇంజను తుడిచే కుర్రవాడిగా చేరారు. ఫైర్‌మన్ అయ్యారు, డ్రైవరుగా విరమించారు. తాను ఎక్కడికీ పోలేదు గాని తన కంపెనీ రెండుసార్లు మారిందని ఆయన నవ్వుతూ చెప్పేవారు. చేరేనాటికి ఇంజను వెనుక టెండరు మీద నిజాం స్టేట్ రైల్వే అక్షరాలు. 1951లో అవి చెరిపి సెంట్రల్ రైల్వే అని రాశారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టాక మళ్లీ చెరిపి మళ్లీ రాశారు. "మన రాజ్యం ఎవరిదో తెలవాలంటే టెండరు చూడాలె" అనేవారు. నేను మొదట నేర్చుకున్న చరిత్ర పాఠం అదే.

స్టీము ఇంజనుకు నలుపు ఎందుకంటే వేరే రంగు నిలవదు గనుక. పొగ, మసి, నూనె, ఆవిరి కలిసి వారం రోజుల్లో ఏ రంగునైనా మింగేస్తాయి. అందుకని మన వాళ్లు ఇత్తడితోనూ రాగితోనూ సరిపెట్టుకున్నారు. డబ్ల్యూ పి ఇంజను ముక్కు మీద నక్షత్రం మెరిపించటానికి క్లీనర్లు ఇటుక పొడితో తోమేవారు. సికింద్రాబాదు, బెజవాడల మధ్య గోల్కొండ ఎక్స్‌ప్రెస్ స్టీము మీద నడిచిన రోజుల్లో దేశంలో అంత జోరు స్టీము బండి మరొకటి లేదని చెప్పుకునేవారు. అది ఖమ్మం దాటి పోతుంటే ఆ నక్షత్రం మాత్రం కనిపించేది.

ఇక డీజిల్ కథ. మన దేశానికి పెద్ద ఎత్తున బ్రాడ్‌గేజి డీజిల్ ఇంజన్లు 1950ల చివరలో అమెరికా నుంచి వచ్చాయి. 1962లో అక్కడి రెండు కంపెనీలు పోటీకి దిగాయి. ఒకటి జనరల్ మోటార్స్, రెండోది ఆల్కో. రెండింటి ఇంజన్లూ 2600 గుర్రాల బలం గలవే. జనరల్ మోటార్స్ ఇంజను మంచిదే. 1969లో హౌరా నుంచి ఢిల్లీకి మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను లాగింది ఆ జాతి ఇంజనే. అయితే తయారీ విద్య మనకు నేర్పటానికి ఒప్పుకున్నది ఆల్కో. కాబట్టి ఆల్కో నమూనాయే మనకు స్థిరపడింది. 1964 జనవరిలో వారణాసి డీజిల్ కార్ఖానా నుంచి మొదటి ఇంజను బయటకు వచ్చింది. దాని పేరు డబ్ల్యూ డి ఎం 2. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, డి అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజరుకూ గూడ్సుకూ రెండింటికీ పనికివచ్చేది. పొద్దున బొగ్గు లాగిన ఇంజనే రాత్రికి పెళ్లివారున్న బండిని లాగేది.

విచిత్రం ఏమిటంటే, మనకు విద్య నేర్పిన ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ మూసేసింది. శిష్యుడు మాత్రం 1998 దాకా అదే ఇంజను చేస్తూ పోయాడు. మొత్తం 2,600 పైచిలుకు ఇంజన్లు. పుట్టినింట దీపం ఆరిపోయినా మెట్టినింట వంశం నిలిచినట్టయింది. ఆనాడు ఓడిన జనరల్ మోటార్స్ వాళ్లు 1990లలో విద్య నేర్పే ఒప్పందంతోనే మళ్లీ మన గుమ్మం ఎక్కారు, అది వేరే కథ. ఆ వారణాసి కార్ఖానా పేరు కూడా 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని మారింది. ఇప్పుడు అక్కడ చేసేవి ముఖ్యంగా కరెంటు ఇంజన్లు.

మా వైపు మాత్రం డీజిల్ ఆలస్యంగా వచ్చింది. బొగ్గు ఇంటి ముంగిట్లో ఉండగా స్టీము ఎందుకు పోతుందని మేమంతా ధీమాగా ఉండేవాళ్లం. లెక్క తెలియక అనుకున్న మాట అది. స్టీము ఇంజను తాను తిన్న బొగ్గులో పదో వంతు శక్తిని కూడా చక్రానికి ఇవ్వదు. తక్కినదంతా గొట్టంలోంచి ఆకాశానికే. డీజిల్ అయితే మూడో వంతు దాకా ఇస్తుంది. 1970లో చిత్తరంజన్ కార్ఖానా తన ఆఖరి బ్రాడ్‌గేజి స్టీము ఇంజను చేసి దానికి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టినప్పుడే మాకు అర్థం కావలసింది. కాలేదు.

అర్థమైన రోజు మా ఇంట్లో భోజనాలు సాగలేదు. నేను అప్పటికి రెండో ఫైర్‌మన్‌ని. స్టీము ఇంజను మీద ముగ్గురం ఉంటాం: డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. డీజిల్ మీద ఇద్దరే, డ్రైవరూ సహాయకుడూ. మూడో మనిషి ఏమవుతాడన్నది కాలనీలో ప్రతి అరుగు మీదా చర్చే. ఆ సమయంలో డీజిల్ శిక్షణకు పేర్లు అడిగారు, నేను ఇచ్చాను. మా నాన్న అన్నం ముందు నుంచి లేచి, "నీ పక్కనున్నోడి కూడు మీద మన్ను పోసి పోతున్నవురా" అన్నారు. నేను కూడా ఊరుకోలేదు, "నువ్వు రిటైరైనవ్, నేను ఇంకా ముప్పై ఏండ్లు బతకాలె" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. శిక్షణ ముగించి వచ్చాక కూడా ఆయన నా ఉద్యోగం గురించి అడగటం మానేశారు. డీజిల్‌ను డబ్బా అనేవారు. "మనిషికి గుండె ఎక్కడ కొట్టుకుంటదో కనపడాలె. ఆ డబ్బాల ఏముందో దేవునికెరుక" అనేవారు. బండి టైముకు స్టేషను వైపు తిరిగి కూర్చునేవారు కాదు.

నేను ఎక్కిన మొదటి డీజిల్ ఇంజను నాకు ఇప్పటికీ గుర్తు. ఒళ్లంతా ఇటుక ఎరుపు, నడుము చుట్టూ ఒక పసుపు పట్టీ. వారణాసి నుంచి ఆ రోజుల్లో వచ్చిన ఇంజన్లకు ఎక్కువగా ఈ జోడీయే. మన ఇంటి గడపకు కావి పూసి పసుపు రాస్తాం గదా, సరిగ్గా ఆ జోడీ. ఎవరు ఏ దేశంలో ఆలోచించి పెట్టారో గాని, మన కళ్లకు అది పండుగనాటి గుమ్మంలా కనిపించేది. అప్పుడు బోగీలు కూడా ముదురు ఎరుపే. ఇంజను ముందుండి ఎనిమిది పది బోగీలతో మలుపు తిరుగుతుంటే బండి మొత్తం ఒకే నేత బట్టలా ఉండేది, పచ్చటి అడవిలో ఎర్రటి అంచు.

ఇక దాని చప్పుడు. నిలబడి ఉన్నప్పుడు పదహారు సిలిండర్లూ ఒక తాళానికి రావు. కొంచెం తడబడుతూ, దమ్ము తీసుకుంటున్నట్టు కొట్టుకుంటాయి. కారేపల్లి పిల్లలు ప్లాట్‌ఫారం మీద వరుసగా నిలబడి ఆ చప్పుడును నోటితో వాయించేవారు. నాచ్ వేసి లాగటం మొదలుపెట్టగానే పైనుంచి ఒక్కసారి నల్లటి పొగ కక్కుతుంది. నూనె ముందు వస్తుంది, దాన్ని మండించే గాలిని నెట్టే టర్బో కొంచెం వెనకబడుతుంది, అందుకని ఆ పొగ. మా నాన్న ఒక్క ఆ పొగను మాత్రం మెచ్చుకున్నారని మా అమ్మ రహస్యంగా చెప్పింది.

రంగు వేసే పని షెడ్డులో ఎలా జరిగేదో చూసినవాళ్లు మనలో కొద్దిమందే ఉంటారు. పెద్ద మరమ్మతుకు ఇంజను వచ్చినప్పుడు పాత రంగు గీకి, ఎర్ర పూత ఎక్కించి, ఆరాక పసుపు పట్టీ తీసేవారు. నేను చూసిన పెయింటరు ఒకప్పుడు టెండర్ల మీద అక్షరాలు రాసిన మనిషే. సుద్ద పూసిన దారాన్ని ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు పట్టుకొని మధ్యలో లాగి వదిలితే టప్పుమని గీత పడుతుంది. ఇల్లు కట్టే మేస్త్రీ వేసే గీతే అది. ఆ తర్వాత కుంచెతో యాభై అడుగులకు పైగా చేయి వణకకుండా పోవాలి. తలుపులూ జాలీలూ అడ్డం వచ్చినచోట పట్టీ తెగకూడదు. తలుపు వేసినప్పుడు గీతకు గీత కలవాలి. దసరాకు ఆయుధ పూజ రోజున ఆ పట్టీ మీదనే గంధం, కుంకుమ బొట్లు. చక్రాల కింద గుమ్మడికాయ. శ్రీరామనవమి ప్రత్యేక బళ్లకు మామిడి తోరణం, బంతిపూల దండ. కల్యాణానికి పోయే జనం బండి ఎక్కేముందు ఇంజనుకు దణ్ణం పెట్టటం నేను చూశాను.

ప్రపంచంలో చాలాచోట్ల డీజిల్ ఇంజనుకూ రంగుకూ ఇలాంటి చుట్టరికమే కుదిరింది. అమెరికాలో శాంటా ఫే అనే రైల్వే వాళ్లు 1937లో తమ గొప్ప ప్యాసింజరు బండి ఇంజనుకు ఎరుపు, వెండి రంగులు వేసి, ముక్కు మీద ఆ దేశపు ఆదివాసీ యోధుడు తలకు కట్టుకునే ఈకల కిరీటం ఆకారం తెచ్చారు. లీలాండ్ నికర్‌బాకర్ అనే చిత్రకారుడి ఆలోచన అది. ఇప్పటికీ పిల్లల బొమ్మ రైళ్లకు ఆ రంగులు వేస్తారు. అది తెలిసినప్పుడు నాకు మన భద్రాచలం మన్యం గుర్తుకొచ్చింది. మన కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములూ నెమలి ఈకలూ తలకు కట్టుకొని పెద్ద డోళ్లు వాయిస్తూ ఆడతారు గదా! వాళ్ల గూడేల పక్కనుంచి పోయే ఇంజను ముక్కు మీద ఆ కొమ్ములు గీయాలని మన వాళ్లెవరికైనా తోచి ఉంటే ఎంత అందంగా ఉండేదో! తోచలేదు. తోచినా ఏ ఫైలులోనో పడుకొని ఉండేది.

బ్రిటను వాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ స్టీము పోయి డీజిల్ వచ్చిన కొత్తలో ముదురు ఆకుపచ్చ రంగు వేశారు. చూడముచ్చటగానే ఉంది గాని, పట్టాల మీద పనిచేసే గ్యాంగు మనుషులకు అది దూరం నుంచి కనబడలేదు. స్టీము అయితే పొగ కనిపించేది, చప్పుడు వినిపించేది. అందుకని 1960ల మొదట్లో ఇంజను ముఖానికి పసుపు పలక వేయటం మొదలుపెట్టారు. తర్వాత ముఖమంతా పసుపే చేశారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు బేతంపూడి ఎద్దు కళ్లలో మెదిలింది.

అది 1980ల మధ్య, పుష్యమాసం. నేను అప్పటికి డ్రైవరును. సాయంత్రం ప్యాసింజరు, ఇంజను పొడుగు ముక్కు ముందుకు పెట్టి నడుపుతున్నాను. డబ్ల్యూ డి ఎం 2 తోలినవాళ్లకు ఆ కష్టం తెలుసు. క్యాబిన్ వెనక ఉంటుంది, ముందర పెద్ద పెట్టె అడ్డం, ఒక పక్క మలుపు నాకు కనబడితే ఇంకో పక్క మలుపు సహాయకుడు చూసి చెప్పాలి. ఆ ఇంజను బొగ్గు బళ్లకు తిరిగి తిరిగి వచ్చినది. ఎరుపు లేదు, పసుపు లేదు, కింద కాటిల్ గార్డు మీద ఉండవలసిన పసుపు నలుపు ఏటవాలు చారలు కూడా లేవు. మొత్తం మసి. రంగు వేయించవలసిందని నేను అంతకు రెండు నెలల ముందే రిపేరు పుస్తకంలో రాశాను. అది ఏ షెడ్డు అన్నది ఇక్కడ అనవసరం. "రంగు లేకపోతే బండి ఆగుతుందా" అని ఒక పై అధికారి నవ్వి సంతకం పెట్టారు.

కాపలా లేని గేటు ముందు కూత వేశాను. దిగుడు కాబట్టి నాచ్ తీసేసి ఉన్నాను, ఇంజను చప్పుడు లేదు. సహాయకుడు "బండి! ఎడ్ల బండి!" అని అరిచాడు. ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. నూట పన్నెండు టన్నుల ఇంజను, వెనక జనం ఉన్న బోగీలు, అనుకున్నచోట ఆగుతుందా? బండి మనిషి దూకాడు. ఒక ఎద్దు కాడి తెంచుకొని పోయింది. ఇంకోటి పోయింది.

దిగి వెనక్కి పరుగెత్తాం. ఆ మనిషి ఎద్దు మెడ మీద చేయి వేసి కూర్చున్నాడు, కొట్లాటకు రాలేదు. "కూత విన్న దొరా. ఎటునుంచి వస్తందో తెల్వలే. చెట్ల నీడ అనుకున్న" అన్నాడు. నేను తిరిగి చూశాను. మలుపులో, చీకటి పడేవేళ, నల్లటి ఇంజను నిజంగా చెట్ల నీడలాగే ఉంది. నేనూ గార్డూ, బండిలో కొందరు ప్రయాణికులూ తలా కొంచెం వేసి అతని చేతిలో పెట్టాం. ఎద్దు ఖరీదులో అది ఏ మూలకు? సంక్రాంతి ముందు జతలో ఒకటి పోయిన రైతు ఏం చేస్తాడో మనలో సేద్యం ఎరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. విచారణలో నా తప్పు లేదని తేల్చారు. కూత వేసినట్టు సాక్ష్యం ఉంది గనుక కాగితం మీద అది సరిపోయింది.

ఆ తర్వాత నాకొక పిచ్చి పట్టిందని తోటివాళ్లు అనేవారు. ఏ ఇంజను ఇచ్చినా సరే, బయలుదేరేముందు కాటన్ వేస్టు కొంచెం డీజిల్‌లో ముంచి ముందు చారలూ పక్క పట్టీ చేయి అందినంత మేర తుడిచేవాణ్ణి. క్లీనరుగా చేరిన రోజుల్లో మా నాన్న నేర్పిన తుడుపే అది, పైనుంచి కిందికి, ఎదురు తుడవకూడదు. సహాయకులు మొదట నవ్వారు, తర్వాత వాళ్లూ ఒక చెయ్యి వేసేవారు.

అలా తుడుస్తూ తుడుస్తూ రంగులు చదవటం అలవాటైంది. రానురాను షెడ్డుకో రంగు వచ్చింది. కాజీపేట, మౌలాలి, విజయవాడ, గుత్తి, గుంతకల్లు, ఏ షెడ్డు వాళ్లు ఆ షెడ్డు ఇంజనుకు తమకు నచ్చిన జోడీ వేసుకునేవారు. నీలం మీద గంధం రంగు ఒకరిది, ఆకుపచ్చ మీద పసుపు ఇంకొకరిది. కాలాన్ని బట్టి మారుస్తూ కూడా ఉండేవారు. క్యాబిన్ పక్కన షెడ్డు పేరు పొట్టి అక్షరాల్లో ఉండేది గాని ఆ అక్షరాల అవసరం మాకు ఉండేది కాదు. హోమ్ సిగ్నల్ దగ్గర బండి కనబడగానే ఇది ఎవరింటి పిల్లో చెప్పేసేవాళ్లం. చీర అంచు చూసి ఏ ఊరి నేతో మన ఆడవాళ్లు చెప్పినట్టే. దూరపు షెడ్డు ఇంజను దారి తప్పి మా కొమ్మ దారిలోకి వస్తే ఊరికి చుట్టం వచ్చినట్టు స్టేషను మాస్టరు కూడా బయటికొచ్చి చూసేవారు.

1980ల రెండో సగంలో విజయవాడ నుంచి కాజీపేట దాకా కరెంటు తీగలు పడ్డాయి. తర్వాత మా కొమ్మ దారికీ వచ్చాయి. బోగీలకు గాలి బ్రేకులు పెట్టి, 1990లలో వాటికి నీలం రంగు వేశారు. ఎర్ర ఇంజను ఎర్ర బోగీల జత అక్కడితో విడిపోయింది. బోగీలు ఒకటి తర్వాత ఒకటి మారటంతో కొన్నేళ్లు ఒకే బండిలో సగం ఎరుపు సగం నీలం, అతుకుల బొంతలా ఉండేది. నేను కరెంటు ఇంజన్లు కూడా నేర్చుకొని, 2008లో విరమించాను. వాటి మీద నాకు కోపమేమీ లేదు. పొగ లేదు, చెవుల్లో హోరు లేదు. నా కుడి చెవి సగం పోయింది ఆల్కో చప్పుడుకే. డీజిల్‌ను ప్రేమించానని దాని తప్పులు దాచను. తొలినాటి డబ్ల్యూ డి ఎం 2 ఒకటి ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. మా మనుమడితో పోయి చూశాను. శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఉన్న ఇంజనును మా దారిలో నేను ఎన్నడూ ఎరగను.

మా నాన్న సంగతి చెప్పి ముగిస్తాను.

తీగలు మా దారికి ఇంకా రాని రోజులు. మా అక్కను కారేపల్లిలో ఇచ్చాం. అమ్మ పోయాక నాన్న అక్క దగ్గర ఉండేవారు. రెండు కళ్లకూ శుక్లాలు. ఆపరేషనుకు భయపడి వాయిదా వేస్తూ ఉన్నారు. ఒకరోజు పొద్దున ప్యాసింజరు కారేపల్లిలో ఆగింది, ఎదురుబండి కోసం పది నిమిషాలు నిలపాలి. కిటికీలోంచి చూస్తే నాన్న మేనల్లుడి చెయ్యి పట్టుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. నేను దిగాను. నా బండికి ఆయన ఎదురు రావటం అదే మొదటిసారి. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

"ఏ రంగురా ఇది?" అన్నారు.

"ఎరుపు నాన్నా. పసుపు పట్టీ."

"ఎరుపు కనపడతలేదు. అంతా మబ్బే. ఆ పసుపు గీత మాత్రం అవుపడతంది." కొంచెంసేపు అలాగే చూశారు. "ఎవరు తుడిచిండ్రు?"

"నేనే."

మేనల్లుడి చెయ్యి వదిలి ముందుకు వచ్చారు. ఇంజను పక్కకు అరచెయ్యి ఆనించారు. లోపల కొట్టుకుంటోంది గదా, ఆ అదురు చేతికి తెలుస్తుంది. అలా ఉంచి, తర్వాత చూపుడు వేలితో పట్టీ మీద అడ్డంగా రాసి, ఆ వేలిని నా ముఖం దగ్గరికి పెట్టారు. క్లీనరు కుర్రవాణ్ణి నిలదీసే పాత డ్రైవరు పద్ధతి అది.

"పైన మంచిగనే ఉంది. కింది అంచుకు మసి ఇడిసిపెట్టినవ్."

ఎదురుబండి వచ్చి పోయింది. సిగ్నల్ పడింది. నేను ఎక్కి కూత వేసి, నాచ్ మెల్లగా వేశాను, పొగ ఆయన మీద పడకూడదని. కిటికీలోంచి వెనక్కి చూస్తే మా నాన్న మసి అంటిన వేలు భుజం మీది తువ్వాలుకు తుడుచుకోకుండా, చెయ్యి అలాగే ఎత్తి పట్టుకొని నిలబడి ఉన్నారు.